ఒకే పళ్ళెంలో రెండు హారాలు

పోయినవారం ముడి మాస్టారిని మనం పని బల్ల ముందు, చేతిలో కత్తెరతో, నోట మాట లేని స్థితిలో వదిలేసి వచ్చాం. పాపం వారం రోజులుగా ఆయన అలాగే నిలబడి ఉన్నాడు. ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి వేయడంలో ఆయన్ని మించినవాడు లేడని వీధంతా చెప్పుకుంటుంది, వీధి మర్చిపోయిన రోజున ఆయనే చెప్పుకుంటాడు. అంతటి పనివాడు, తోడికోడళ్ళిద్దరు తెచ్చిన రెండు బంగారు రంగు ముత్యాల హారాల్ని ఒకదాని వెంట ఒకటి కత్తిరించి, ముత్యాలన్నీ ఒకే పళ్ళెంలో పోసేశాడు. ఇప్పుడు ఏది ఎవరిదో దేవుడికే తెలియాలి.

ఆ తోడికోడళ్ళు ఎక్కడికీ వెళ్ళలేదు, ముందుగదిలోనే ఉన్నారు. పెద్దావిడ కుర్చీకి వీపు ఆనించకుండా నిటారుగా కూర్చుంది. చిన్నావిడ మెత్తటి మనిషి, కూర్చున్నా నిలబడ్డా మొహాన నవ్వు చెరగదు. వాళ్ళ మామగారు బతికున్న రోజుల్లో ఎవరు ఎప్పుడు అడిగినా ఒకటే మాట అనేవాడట: "నేను కొన్నది ఒక్కటే అసలు హారం." ఆ ఒక్కటీ తనకిచ్చిందేనని పెద్దావిడా, కాదు తనకిచ్చిందని చిన్నావిడా పాతికేళ్ళుగా నలుగురిలోనూ చెప్పుకుంటూనే వస్తున్నారు. దండలు మళ్ళీ గుచ్చించుకోవడం ఒక వంక. అసలు పని, ఏది అసలో ఏది రంగు వేసిందో తేల్చుకోవడం. తేల్చాల్సింది మాస్టారి కూతురు.

ఆ పిల్ల ముత్యాలూ రాళ్ళూ పరీక్షించే ల్యాబులో పనిచేస్తుంది. చిన్నప్పటి నుంచీ ఏ వస్తువు దొరికినా కంటి దాకా తెచ్చుకుని చూసే అలవాటు వల్ల తండ్రి పెట్టిన పేరు భూతద్దం. ఇంట్లో పెట్టిన పేరు వీధి దాకా పోయి, వీధి నుంచి ల్యాబుకి పోయి, ఇప్పుడు అసలు పేరుతో పిలిస్తే ఆ పిల్లే పలకదు.

ఇక ఆ పిల్ల కష్టం ఏమిటో కొత్తగా చదువుతున్నవాళ్ళకి చెప్పాలి. చిన్నావిడ కొడుకు పళ్ళ డాక్టరు. పెద్దావిడకి పిల్లల్లేరు, అందుకని వాడు ఇద్దరి ఒళ్ళోనూ సమానంగా పెరిగాడు. వాడూ భూతద్దం ఒకరినొకరు ఇష్టపడ్డారు. ఆ ఇద్దరు ఆడవాళ్ళలో ఏ ఒక్కరు తల అడ్డంగా ఊపినా ఆ పెళ్ళి జరగదు. ఇంట్లో చెప్తానని వాడు నెలల తరబడి అంటూనే ఉన్నాడు. ఊరందరి నోళ్ళూ తెరిపించే డాక్టరు, తన నోరు తెరవాల్సి వచ్చేసరికి రేపంటాడు. ఈలోగా పెద్దావిడ వచ్చి, "నీ మాటే మాట అమ్మాయ్, ఎవరిది రంగుదో నువ్వే చెప్పు" అని కూర్చుంది. ఇద్దరిలో ఎవరిది రంగుదని చెప్తే వాళ్ళు జన్మలో ఈ పిల్లని కోడలిగా గుమ్మం తొక్కనివ్వరు.

"ఒక పళ్ళెం, ఒక దండ," అంది భూతద్దం గొంతు తగ్గించి. "నాకు అక్షరాలు రాకముందే నేర్పావు నాన్నా ఈ మాట. ఒకరి దండ గుచ్చి సంచిలో పెట్టేదాకా ఇంకొకరి దండ బల్ల మీదకి రాకూడదని, పోయినేడు నన్ను ఇదే విషయంలో నానా మాటలూ అన్నావు."

"వయసు మీద పడుతోందమ్మా," అన్నాడు మాస్టారు నేల చూపులు చూస్తూ.

"పొద్దున ఆ సన్నటి సూదిలోకి దారం ఎక్కించింది ఎవరు? అద్దాలు కూడా పెట్టుకోలేదు."

మాస్టారు కత్తెరని గుడ్డతో తుడవసాగాడు. భార్య ఊళ్ళో లేకపోవడం ఒక్కటే ఆయనకి ఆ పూట దొరికిన ఊరట. ఉండి ఉంటే ఈపాటికి ఈ సంగతి పక్కింటివాళ్ళకి కూడా వినపడేది.

"ఏమైందమ్మాయ్?" ముందుగదిలోంచి పెద్దావిడ గొంతు వచ్చింది. "లోపల ఏదో జారి పడ్డ చప్పుడైంది?"

"ఏం లేదండీ! శుభ్రం చేస్తున్నాం!"

"తీరిగ్గానే చెయ్యమ్మా," అంది చిన్నావిడ తియ్యగా. "తేలేదాకా మేం కదిలేది లేదు. మా అక్కయ్యకి కాస్త నడుం నొప్పి, అంతే."

"నాకేం నొప్పి లేదు. నీ మోకాళ్ళ సంగతి చూసుకో."

భూతద్దం పళ్ళెం తీసుకుని కిటికీ దగ్గరికి జరిగింది. తెల్ల గుడ్డ పరిచి, ముత్యాలు దాని మీద పోసి, అద్దం కంటికి పెట్టుకుంది. ఏది ఎవరిదో తెలియకపోయినా, ముందు ఏది ఏమిటో తేలితే సగం పని అయినట్టే అనుకుంది. ఒక హారం అసలు, ఒక హారం రంగు అయితే, ముత్యాల్ని రెండు కుప్పలు చేస్తే హారాలు వాటంతటవే విడిపోతాయి. కొంప మునిగిందనుకున్నది కాస్తా తేలిందనిపించి, ఆ పిల్లకి చాలాసేపటి తర్వాత ఊపిరి ఆడింది.

వెనక గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు. పళ్ళ డాక్టరు. ముందుగదిలో కన్నతల్లీ పెంచినతల్లీ కూర్చుని ఉన్నారని తెలిసి, సందులోంచి తిరిగి వచ్చాడు.

"మాస్టారి పన్ను ఒకటి కదులుతోందన్నారు కదా, చూసి పోదామని," అన్నాడు గట్టిగా. ఎవరికి వినపడాలని అన్నాడో వాడికే తెలియాలి. తర్వాత గొంతు తగ్గించి, "ఏమైంది?" అన్నాడు.

"నాన్న రెండు దండలూ కలిపేశాడు. నువ్వు ఇంట్లో చెప్పావా?"

"ఇవాళ చెప్తా."

"ఇవాళ సగం అయిపోయింది."

డాక్టరు ఆ మాట విననట్టే ముత్యాల మీదకి వంగాడు. "అన్నీ ఒకలాగే ఉన్నాయే. ఎలా చెప్తావు?"

"అన్నీ పెంచిన ముత్యాలే. చిప్పలో చిన్న తెల్ల పూస పెట్టి సముద్రంలో దించుతారు. చిప్ప దాని చుట్టూ పొర మీద పొర వేస్తుంది. చిప్ప అంచు బంగారు రంగులో ఉంటే ఆ పొరకీ అదే రంగు వస్తుంది. అది పుట్టు రంగు. కొందరు అంత ఓపిక లేక, వెలవెలబోయే ముత్యాన్ని తెచ్చి మందులో నానబెట్టి రంగు ఎక్కిస్తారు. ఇదిగో, దీని బెజ్జం చూడు."

డాక్టరు అద్దం పుచ్చుకుని చూశాడు. నోటి లోపల చూసే అలవాటున్న మనిషి, బెజ్జంలో చూడటం కష్టమేమీ కాలేదు.

"అంచున బంగారు పొర. లోపల తెల్లగా ఉంది."

"తెల్లగా ఉన్నది పూస. అది తెల్లగానే ఉండాలి. ఇప్పుడిది చూడు."

"దీని లోపల కూడా పసుపే. బెజ్జం చుట్టూ మరీ చిక్కగా ఉంది. ఇక్కడ పైన చిన్న గుంటలో కూడా రంగు పేరుకుంది." డాక్టరు తలెత్తాడు. "పంటి పగుళ్ళలోకి టీ మరక దిగినట్టు."

"అచ్చం అంతే. రంగుకి ఎక్కడ సందు దొరికితే అక్కడికి పోతుంది. చిప్ప వేసిన రంగు అలా కాదు, పొరతో పాటే పుడుతుంది."

"అంటే ఇంక చూడక్కర్లేదా?"

"ల్యాబు ముద్ర వేసి చెప్పాలంటే మిషన్ కింద పెట్టాలి. అది వెలుగుని కొలిచి ఒక గీత గీస్తుంది. పుట్టు రంగైతే ఆ గీతలో ఒకచోట గుంట పడుతుంది, పూసిన రంగైతే పడదు. ఇవాళ ల్యాబుకి సెలవు. ఈ రంగు వేసినవాళ్ళు మాత్రం గుంటల్లో కూడా తుడవని బద్ధకస్తులు, వీటికి మిషన్ అక్కర్లేదు."

అలా ఒక్కొక్కటే చూస్తూ, పుట్టు రంగువి కుడివైపు, పూసిన రంగువి ఎడమవైపు పెట్టుకుంటూ పోయింది. చూసే పని చేస్తున్నంతసేపూ ఆ పిల్లకి భయం ఉండదు. పెళ్ళీ, అత్తలూ, ముందుగదిలో గోడ గడియారం కొట్టే గంటలూ, అన్నీ ఆ గుండ్రటి అద్దం బయటే ఆగిపోతాయి. ముందుగదిలో మాత్రం మాటలు ఆగలేదు. మామగారికి చివరిదాకా మందులిచ్చింది ఎవరన్నది కాసేపు, ఇవ్వాల్సిన మందు మర్చిపోయింది ఎవరన్నది కాసేపు నడిచింది.

చివరి ముత్యం కూడా ఎడమవైపు చేరింది. రెండు కుప్పలూ ఇంచుమించు సమానం.

"తేలిపోయింది!" అన్నాడు డాక్టరు. "ఒకటి అసలు, ఒకటి రంగు."

భూతద్దం అద్దం పక్కన పెట్టింది. కుప్పల్ని చేత్తో చదును చేసి, ముత్యాల్ని వరసగా పేర్చింది. కుడివైపు వరస పేర్చడం పూర్తయ్యేసరికి ఆ పిల్ల మొహం మారింది.

"నాన్నా, ఇలా రా. హారంలో పెద్ద ముత్యాలు ఎక్కడ ఉంటాయి?"

"అదేం ప్రశ్న? ముందు, గుండెల మీదకి."

"చిన్నవి?"

"వెనక, మెడ మీదకి," అన్నాడు మాస్టారు. అన్నాక, అనకుండా ఉండాల్సిందని ఆయన మొహమే చెప్పింది.

"ఒక హారం మొత్తం అసలైతే, ఈ కుప్పలో పెద్దవీ ఉండాలి, చిన్నవీ ఉండాలి. అసలువన్నీ పెద్దవే నాన్నా. రంగువన్నీ చిన్నవే." భూతద్దం రెండు కుప్పల మధ్యలో వేలు పెట్టింది. "రెండు హారాలకీ ముందు భాగం అసలు. రెండింటికీ మెడ వెనక భాగం రంగుది. జుట్టు కింద దాక్కునే భాగం."

డాక్టరు లెక్క అర్థం చేసుకోవడానికి కాసేపు పైకప్పు చూశాడు. భూతద్దం మాత్రం బల్ల మూల పడి ఉన్న రెండు కొక్కేల్ని చేతిలోకి తీసుకుంది. హారాలు కత్తిరించినప్పుడు కొక్కేలకి చెరో దారం ముక్క అంటుకుని ఉండిపోయింది, చివరి ముడితో సహా. రెండు ముడుల్నీ అద్దంలో చూసింది. ముడి ఎడమవైపుకి తిరిగి ఉంది. లోకంలో ముత్యాలు గుచ్చేవాళ్ళు ముడిని కుడికి తిప్పుతారు. మాస్టారిది ఎడమచేతి వాటం.

"ఇవి నువ్వు గుచ్చినవేనా?"

మాస్టారు చటుక్కున డాక్టరు వైపు తిరిగి కుర్చీలో కూలబడ్డాడు. "బాబూ, ఈ పన్ను కాస్త చూడు, ప్రాణం తీస్తోంది," అని నోరు బార్లా తెరిచేశాడు. తెరిచిన నోటితో ఎవరూ జవాబు చెప్పలేరు కదా. డాక్టరు అలవాటు కొద్దీ వంగి, గడ్డం పట్టుకుని, వెలుగు వైపు తిప్పి చూశాడు కూడా.

"పన్ను రాయిలా ఉంది మాస్టారూ," అన్నాడు. "ఇంకో ముప్ఫై ఏళ్ళు కదలదు."

"నాన్నా, నోరు ముయ్యి," అంది కూతురు. "మూసి, చెప్పు."

మాస్టారు నోరు మూశాడు. ఆ తర్వాత చెప్పక తప్పలేదు.

"వీడి తాతగారు ఒక పొడుగాటి దండ తెచ్చాడు. నిఖార్సైన పుట్టు రంగు, అన్నీ పెద్ద ముత్యాలే, గుండెల కిందిదాకా వేలాడేది. పెద్దకోడలికి ఇద్దామనుకున్నాడు. ఇవాళ ఇద్దాం రేపు ఇద్దాం అనుకునేలోపు రెండోకొడుకు కూడా పెళ్ళి చేసుకుని ఇంటికొచ్చాడు. ఒకరికిస్తే రెండోవాళ్ళు ఊరుకోరు. నా దగ్గరికి తెచ్చి, సగానికి కోసి రెండు చేయమన్నాడు. రెండు మెడలకీ ముందుకి సరిపోయాయి, వెనక్కి చాలలేదు. చాలనిచోట రంగువి పెట్టమన్నాడు. జుట్టు కింద ఎవరు చూస్తారు మాస్టారూ అన్నాడు. ఈ సంగతి నా నోట రాకూడదని మాట తీసుకున్నాడు."

"ఒక్కటే అసలు హారం కొన్నానని ఆయన అన్నది..."

"నిజమే అన్నాడు. ఆయన అబద్ధం ఆడే మనిషి కాడు."

"తాతయ్య సామాన్యుడు కాడు," అన్నాడు డాక్టరు, కాస్త గర్వంగానే.

"అందుకని కావాలనే కలిపేశావా నాన్నా?"

"కలిపేసి, అటో సగం ఇటో సగం మళ్ళీ అలాగే గుచ్చేస్తే, ఇంకో పాతికేళ్ళు గడిచిపోతాయనుకున్నా."

"నేనొకదాన్ని ఉన్నానని గుర్తు రాలేదా?"

"నువ్వున్నావనే కదమ్మా నా భయమంతా!"

భూతద్దానికి కోపమూ నవ్వూ కలిసి వచ్చాయి. ఏది ముందు బయటపడనివ్వాలో తేలక రెండూ మింగేసింది. డాక్టరు చెవి దగ్గరికి వచ్చి, "రెండూ అసలువే అని చెప్పెయ్," అన్నాడు. "ఇద్దరూ సంతోషిస్తారు. ఆ ఊపులో నేనూ మన సంగతి చెప్పేస్తా."

ఆ మాట వినడానికి హాయిగానే ఉంది. వినగానే ఊరుకోవాలనిపించింది కూడా. ఆ మనిషంటే ఆ పిల్లకి అంత ఇష్టం. కానీ రంగు పేరుకున్న బెజ్జాన్ని కళ్ళారా చూసి పుట్టు రంగని చెప్తే, రేపు ల్యాబులో అద్దం కంటికి పెట్టుకున్నప్పుడు తన కంటిని తనే నమ్మలేదు. తన దగ్గర నమ్మకంగా ఉన్నది ఆ ఒక్క కన్నే.

"ఉన్నదే చెప్తాను," అంది. "ఉన్నది చెప్తే ఇద్దరూ సమానమే కదా. ఎవరికీ తక్కువ కాలేదు. నువ్వు మాత్రం నా వెనకే రా."

రెండు కుప్పల్నీ రెండు పళ్ళేల్లోకి ఎత్తుకుని ముందుగదిలోకి నడిచింది. వెనక మాస్టారు, ఆయన వెనక డాక్టరు. డాక్టరు గుమ్మం దగ్గరే ఆగిపోయి గోడకి ఆనుకున్నాడు.

"నువ్వెప్పుడొచ్చావురా?" అంది పెద్దావిడ.

"మాస్టారి పన్ను చూద్దామని..."

"సరే సరే. చెప్పమ్మాయ్. ఎవరిది రంగుది?"

"చెప్తానండీ. ముందు ఒక మాట అడగాలి. హారం వేసుకున్న రోజున మెడ వెనక బట్టకి ఎప్పుడైనా పసుపు మరక అంటిందా?"

"లేదు," అంది పెద్దావిడ, ప్రశ్న పూర్తి కాకముందే.

"అబ్బే, లేదమ్మా," అంది చిన్నావిడ, అంతకంటే ముందుగా.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి పెద్దావిడే గొంతు సవరించుకుంది.

"ఎప్పుడో ఒకసారి చూశాను. సబ్బు మంచిది కాదనుకుని సబ్బు మార్చాను."

"నేను బట్టలుతికే మనిషిని మార్చాను," అంది చిన్నావిడ మెల్లగా. "రెండుసార్లు."

మరక చూసిన నాటి నుంచీ తనదే రంగుదేమోనని ఇద్దరికీ లోపల గుబులే. గుబులు పెరిగినకొద్దీ నలుగురిలో గొంతు పెంచుతూ వచ్చారు. అది భూతద్దానికి ఆ క్షణంలో అర్థమై, ఇద్దరి మీదా జాలి కలిగింది. పళ్ళేలు బల్ల మీద పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పింది. పొడుగాటి దండ, దాన్ని సగానికి కోయడం, జుట్టు కింద పెట్టిన రంగు ముత్యాలు, మామగారు తీసుకున్న మాట, ఏదీ దాచలేదు. దండలు కలిసిపోయిన సంగతి కూడా చెప్పేసింది.

చెప్పడం అయ్యాక, గొడవ సద్దుమణుగుతుందని చూసింది. ఆ పిల్లకి ముత్యాలు తెలిసినంతగా తోడికోడళ్ళు తెలియరు.

"మాస్టారూ!" అంది పెద్దావిడ లేచి నిలబడి. "తెలిసి ఇన్నేళ్ళు ఊరుకున్నారా?"

"పండక్కీ పబ్బానికీ మేం కొట్టుకుంటుంటే మీరు చూస్తూ కూర్చున్నారన్నమాట!" అంది చిన్నావిడ.

"పెద్దాయన మాట తీసుకున్నారండీ..."

"ఆయనకి బుద్ధి లేకపోతే మీకుండక్కర్లేదా? చెల్లీ, విన్నావా?"

"విన్నానక్కయ్యా. మామగారు మనిద్దర్నీ ఒకే చేత్తో ఆడించాడు."

పాతికేళ్ళలో మొట్టమొదటిసారి ఆ ఇద్దరూ ఒక జట్టు కట్టారు. ముడి మాస్టారు గోడకి ఆనుకుని చీవాట్లన్నీ తింటూ నిలబడ్డాడు. ఇద్దరూ అలిసిపోయి కూర్చున్నాక, పెద్దావిడ చూపు కుడి పళ్ళెం మీద పడింది.

"ఈ అసలువన్నీ కలిపితే ఒక మెడకి నిండా వస్తాయా అమ్మాయ్?"

"వస్తాయండీ. మిగులుతాయి కూడా."

"అయితే నీ సగం నాకిచ్చెయ్ చెల్లీ."

"మీ సగమే నాకివ్వొచ్చుగా?"

మళ్ళీ మొదటికొచ్చిందనుకుంది భూతద్దం. కానీ పెద్దావిడ పళ్ళెంలో చెయ్యి పెట్టి, ముత్యాల్ని వేళ్ళ సందుల్లోంచి జారనిస్తూ కాసేపు ఆలోచించింది. ఈసారి మాట్లాడినప్పుడు గొంతులో కరుకు లేదు.

"వద్దులే. నీకూ వద్దు, నాకూ వద్దు. ముక్కలు చేసిన దండని మళ్ళీ ఒకటి చేద్దాం. మనింటికొచ్చే కోడలి మెడలో వేద్దాం. ఇద్దరం కలిసి వేద్దాం."

"నా మనసులో మాట అన్నారక్కయ్యా," అంది చిన్నావిడ కళ్ళొత్తుకుంటూ.

భూతద్దం కాళ్ళు నేల మీద లేవు. అనుకున్నదానికంటే తేలిగ్గా అయిపోయింది. రంగువి రంగువని చెప్పింది, అసలువి అసలువని చెప్పింది, ఇద్దరూ సంతోషించారు, కోడలి మాట వాళ్ళంతట వాళ్ళే ఎత్తారు. ఇక డాక్టరు ఒక్క మాట అంటే చాలు. వెనక్కి తిరిగి వాడి వైపు చూసింది. వాడు కూడా మొహం వెలిగించుకుని ఒక అడుగు ముందుకేశాడు.

"రేపు సాయంత్రానికల్లా కావాలి మాస్టారూ," అంది చిన్నావిడ. "రేపు ఆ అమ్మాయివాళ్ళు వస్తున్నారు."

"ఏ అమ్మాయివాళ్ళు?" అన్నాడు మాస్టారు, పని దొరికినందుకు ప్రాణం లేచొచ్చి.

"మావాడికి చూసిన అమ్మాయండీ. మంచి కుటుంబం. రేపు మాటలనుకుంటే, అక్కడికక్కడే ఈ హారం వేసి ఖాయం చేసుకుంటాం."

ముందుకేసిన అడుగు డాక్టరు వెనక్కి తీసుకున్నాడు. "అమ్మా, నాకెవరూ చెప్పలేదే," అన్నాడు.

"ఇప్పుడు చెప్పానుగా నాన్నా."

భూతద్దం వాడినే చూస్తోంది. చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం రాదు. "అది కాదమ్మా..." అని మొదలుపెట్టి, పెద్దమ్మ మొహం చూసి, అక్కడితో ఆగాడు. ఆ పిల్లకి ఏడుపొచ్చింది. వాడి మీద వచ్చిన కోపం అంతకంటే ముందుంది.

"మెడ కొలత కావాలండీ," అన్నాడు మాస్టారు, పాపం ఏమీ ఎరగని మనిషి. "కొలత లేకుండా దండ కూర్చలేను. కొందరికి సన్నటి మెడ ఉంటుంది, కొందరికి..."

"రేపు పిల్ల వచ్చాక తీసుకోవచ్చులెండి," అంది చిన్నావిడ.

భూతద్దం బల్ల సొరుగు లాగి పట్టుదారం ఉండ తీసింది. బారెడు దారం తెంపింది. గదిలో అందరూ చూస్తుండగా దాన్ని తన మెడ చుట్టూ వేసుకుని, గుండెల మీద ముత్యం ఎక్కడికి రావాలో అక్కడికి జారనిచ్చి, రెండు కొసలూ మెడ వెనక్కి తెచ్చి వేళ్ళతో నొక్కి పట్టింది. కొలత దగ్గర ముడి వేసి, దారాన్ని తీసి తండ్రి ముందు పెట్టింది.

"రేపటిదాకా ఎందుకండీ," అంది. "కొలత ఇదే."

మాస్టారు దారం వైపు చూసి, కూతురి వైపు చూసి, కుర్చీ కోసం వెనక్కి తడుముకున్నాడు. డాక్టరు గోడ వదిలి వచ్చి, ఎవరూ పిలవకుండానే ఆ పిల్ల పక్కన నిలబడ్డాడు. మాట మాత్రం వాడికింకా రాలేదు.

పెద్దావిడ వాళ్ళిద్దరినీ తేరిపార చూసింది. చాలాసేపు చూసింది. ఆవిడకి కోపం వచ్చిందో లేదో మొహంలో తెలియలేదు. మెల్లగా తోడికోడలి వైపు తిరిగింది.

"చెల్లీ, ఈ సంగతి నీకు ముందే తెలుసా?"

చిన్నావిడ మొహం మీద నవ్వు అలాగే ఉంది.

"తెలుసక్కయ్యా," అంది. "తెలిసే కదా, వాళ్ళని రేపే రమ్మన్నాను."